పర్లాకిమిడి నుంచి జర్మనీకి: ముందు పేరు, తర్వాత ఇంటి పట్టా, ఆ తర్వాతే యూనివర్సిటీ

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగులో తప్పులుంటే మన్నించండి. బీపీయూటీ (బిజూ పట్నాయక్ టెక్నాలజీ యూనివర్సిటీ) కింద ఉన్న కాలేజీలో ఎలక్ట్రికల్ బీటెక్ 7.4 సీజీపీఏతో పూర్తయింది. జర్మనీలో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగం చేయాలని ఉంది. విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడున్నర లక్షలు కడితే బెర్లిన్‌లో ప్రైవేటు యూనివర్సిటీ సీటు, పార్ట్‌టైం ఉద్యోగం రెండూ గ్యారంటీ అంటున్నారు. నాన్నగారు బట్టల కొట్లో గుమస్తా. పర్లాకిమిడిలో ఇల్లు ఉంది, కాని అది తాతగారి పేరున ఉంది. ఆయన పోయి ఆరేళ్లయింది. అమ్మ పేరున ఆంధ్రలోని పాతపట్నం దగ్గర ఎకరంన్నర పొలం ఉంది. లోను వస్తుందా? నా పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. ఆధార్‌లో పాతపట్నం అమ్మమ్మగారింటి అడ్రసు ఉంది. పాస్‌పోర్టు ఇంకా తీయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: మీ తెలుగులో మన్నించాల్సిందేమీ లేదు. వాడుక భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మీది.

ముందు ఆ మూడున్నర లక్షల సంగతి. కట్టకండి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టరుకు సుమారు 100 నుంచి 400 యూరోల దాకా చందా మాత్రం కట్టాలి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి విదేశీ విద్యార్థులకు సెమిస్టరుకు 1,500 యూరోలు పడుతుంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు ఫీజు తీసుకుంటోంది. ప్రభుత్వ యూనివర్సిటీలు ఏజెంట్లకు కమీషన్ ఇవ్వవు, ప్రైవేటువి ఇస్తాయి. మీకు ప్రైవేటు సీటే ఎందుకు చూపిస్తున్నారో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. ప్రైవేటువన్నీ చెడ్డవని కాదు. కానీ ఏడాదికి పది లక్షలు దాటే ఫీజు మీ ఇంటి మీద పడాల్సిన అవసరం లేదు. పైగా కొన్ని కోర్సుల్లో సగం పాఠాలు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. అలాంటి చదువుకు నివాస అనుమతి దొరకడం కష్టం. ఇక ఉద్యోగం గ్యారంటీ అనే మాటకు అక్కడి చట్టంలో ఎలాంటి ఆధారమూ లేదు.

ఎవరి సాయం తీసుకున్నా సరే, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. దరఖాస్తుల ఈమెయిలు, పాస్‌వర్డు మీ దగ్గరే ఉండాలి. యూనివర్సిటీ అడిగిన కాగితం గురించి ఉత్తరం ఏజెంటు ఈమెయిలుకు వెళ్లి, గడువు దాటాక విద్యార్థికి తెలిసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు మీ అసలు చిక్కు. అది జర్మనీలో లేదు, మీ బీరువాలో ఉంది.

ఒడియాలో వ, బ రెండూ ఒకే అక్షరంతో రాయడం మామూలు. అందుకే వైష్ణవి బైష్ణబి అవుతుంది, వెంకట బెంకట అవుతుంది, విజయ బిజయ అవుతుంది. దీనికి తోడు మన ఇళ్లలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఒడిశా బడుల్లో చివర పూర్తిగా రాస్తారు. మీ తేడా ఇలాంటిదే అయి ఉంటుంది. జర్మనీ ఆఫీసులకు పాస్‌పోర్టులో ఉన్నదే మీ పేరు. మార్కుల జాబితాలో అక్షరం తేడా ఉంటే అది ఇంకొకరిదేమో అనే అనుమానంతోనే మొదలవుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. పదో తరగతి సర్టిఫికెట్‌నే సరిచేయించాలంటే కటకంలోని బోర్డుకు వెళ్లాలి. అది అయ్యాక ఇంటర్ కౌన్సిల్, ఆ తర్వాత రూర్కెలాలోని యూనివర్సిటీ, ఇలా ఒకదాని తర్వాత ఒకటి. సులువుగా ఒక ఏడాది పోతుంది. రెండోది, పదో తరగతిలో ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్చుకుని, అదే పేరుతో పాస్‌పోర్టు తీయడం. మీరు రెండోదే చేయండి. వైష్ణవి లాంటి పేరు కాగితాల్లో బైష్ణబిగా మిగిలిపోవడం మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ పదో తరగతి నుంచి బీటెక్ దాకా అన్ని కాగితాలూ ఆ పేరుతోనే ఉన్నప్పుడు, మార్చాల్సింది ఆ ఒక్క ఆధారే. ఆధార్‌లో పేరును రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీని ఒక్కసారే. కాబట్టి సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి నింపండి.

పాస్‌పోర్టులో పొడి అక్షరాలు పనికిరావు. ఇంటిపేరు పూర్తిగా, దాని గడిలోనే రాయండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే అక్కడ బ్యాంకు ఖాతా దగ్గర, విమానం టికెట్ దగ్గర, ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాలి. సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంటే, అది ఫలానా ఇంటిపేరని, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి ఉంచుకోండి. అమ్మ, నాన్నల పేర్లు కూడా వాళ్ల ఆధార్‌తో ఒక్కలా ఉండాలి. రేపు లోను కాగితాల మీద సంతకం చేసేది వాళ్లే.

అడ్రసు విషయంలో సరిహద్దు ఊళ్ల వాళ్లు తరచూ పొరబడతారు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం. మీకు అది పక్క ఊరే, కాన్సులేట్ దృష్టిలో మాత్రం వేరే ప్రపంచం. జర్మన్ వీసాకు ఒడిశా వాళ్లు కోల్‌కతా కాన్సులేట్ పరిధిలోకి, ఆంధ్ర వాళ్లు చెన్నై పరిధిలోకి వస్తారు. మీరు ఉండేది, చదివింది పర్లాకిమిడిలో కనుక ఆధార్ అడ్రసును పర్లాకిమిడికే మార్చి, తర్వాత పాస్‌పోర్టుకు పెట్టండి. దరఖాస్తు దేశంలో ఏ పాస్‌పోర్టు కేంద్రంలోనైనా ఇవ్వచ్చు, విశాఖ దగ్గరనిపిస్తే అక్కడికే వెళ్లండి. పోలీసు విచారణ మాత్రం మీరు రాసిన అడ్రసుకే వస్తుంది. అడ్రసు ఒక రాష్ట్రంలో, మనిషి ఇంకో రాష్ట్రంలో ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

పాస్‌పోర్టు వచ్చే లోపు యూనివర్సిటీ నుంచి రెండు కాగితాలు తెప్పించుకోండి. ఒకటి ట్రాన్‌స్క్రిప్ట్, అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకేచోట ఉండే పత్రం. రెండోది చాలామంది మర్చిపోయేది: గ్రేడింగ్ విధానం గురించిన ఉత్తరం. అందులో గరిష్ఠ సీజీపీఏ ఎంత, డిగ్రీ పాసవడానికి కనీసం ఎంత కావాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. దాని విలువ ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. జర్మన్ యూనివర్సిటీలు మన మార్కులను బవేరియన్ సూత్రంతో మారుస్తాయి. గరిష్ఠం నుంచి మీ మార్కును తీసేసి, దాన్ని గరిష్ఠం, కనీస ఉత్తీర్ణతల మధ్య తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలుపుతారు. అక్కడ 1 అంటే అత్యుత్తమం, 4 అంటే బొటాబొటి పాసు. మీ 7.4కు కనీస ఉత్తీర్ణత 5 అనుకుంటే 2.56 వస్తుంది. అదే 4 అనుకుంటే 2.3. చాలా కోర్సులు 2.5 లేదా అంతకంటే మెరుగైన గ్రేడు అడుగుతాయి. అంటే ఒక్క ఉత్తరంలోని ఒక్క అంకెతో మీరు గీతకు ఇటో అటో ఉంటారు. ఉత్తరం లేకపోతే అక్కడి గుమస్తా తనకు తోచిన అంకె వేసుకుంటాడు. 2.56 వచ్చినా బెంగ పడకండి. గ్రేడు హద్దు పెట్టని కోర్సులూ, 2.7, 3.0 దాకా తీసుకునేవీ ఉన్నాయి. పెద్ద పేర్ల కోసం కాకుండా వాటి కోసం వెతకండి.

వెతకడానికి విదేశీ విద్యార్థులకు సాయపడే జర్మన్ సంస్థ డాడ్ (DAAD) వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో చెప్పే కోర్సుల జాబితా ఉచితంగా ఉంది. మీ చదువుకు అక్కడ గుర్తింపు ఉందో లేదో అనాబిన్ (anabin) అనే జర్మన్ వెబ్‌సైట్‌లో చూడండి. అందులో యూనివర్సిటీ పేరు పక్కన హెచ్ ప్లస్ (H+), అంటే గుర్తింపు ఉందని ఉండాలి. ప్రతి కోర్సుకూ గణితంలో ఇన్ని క్రెడిట్లు, సర్క్యూట్లలో ఇన్ని అని షరతులుంటాయి. అందుకే మీ నాలుగేళ్ల సిలబస్ పీడీఎఫ్ దగ్గర పెట్టుకోండి. గ్రేడు బాగున్నా సబ్జెక్టు చాలక తిప్పికొట్టిన దరఖాస్తులు తక్కువేం కాదు.

ఏపీఎస్ అనే సర్టిఫికెట్ తప్పనిసరి. ఢిల్లీలోని ఏపీఎస్ ఆఫీసు మీ మార్కుల జాబితాలు నిజమైనవేనని పరిశీలించి ఇస్తుంది. రుసుము 18,000 రూపాయలు. 2022 నవంబరు నుంచి ఇది లేకుండా విద్యార్థి వీసాకు దరఖాస్తు తీసుకోవడం లేదు. పదో తరగతి నుంచి ప్రతి సెమిస్టరు కాగితమూ కావాలి. సప్లిమెంటరీలో పాసైన సబ్జెక్టులుంటే ఆ జాబితాలు కూడా దాచకుండా పెట్టండి. కల్పించిన కాగితం ఒక్కటి దొరికినా దారి మొత్తం మూసుకుపోతుంది. వారాల తరబడి సమయం పడుతుంది కనుక పాస్‌పోర్టు చేతికి రాగానే చేయాల్సిన పని ఇదే. జర్మనీకి అపోస్టిల్ (విదేశాల్లో చూపే కాగితాలపై మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించాలని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. భారత్ అపోస్టిల్ ఒప్పందంలో చేరడానికి జర్మనీ అభ్యంతరం చెప్పింది, మన అపోస్టిల్ ముద్ర అక్కడ చెల్లదు.

చాలా యూనివర్సిటీలు యూని-అసిస్ట్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా దరఖాస్తు తీసుకుంటాయి. మొదటిదానికి 75 యూరోలు, అదే సెమిస్టరుకు ఆపై ఒక్కోదానికి 30. ఐదింటికి 195 యూరోలు అవుతుంది. ఐదారు చాలు, పదిహేను వద్దు. అక్టోబరులో మొదలయ్యే చలికాలపు సెమిస్టరుకు గడువు చాలాచోట్ల జులై 15. కానీ విదేశీయులకు మార్చి, మే నెలల్లోనే ముగిసే కోర్సులూ ఉన్నాయి, ఒక్కోదాని పేజీ తెరిచి తేదీ రాసుకోండి. ఐఈఎల్‌టీఎస్ రాయండి, 6.5 లక్ష్యం పెట్టుకోండి. ఇంగ్లీషు మీడియంలో చదివానన్న ఉత్తరంతో సరిపెట్టుకునే చోట్లు తక్కువ.

డబ్బు సంగతి. వీసాకు ముందు బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపాలి. యూరోను 100 రూపాయలుగా లెక్కిస్తే 11.9 లక్షలు. అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున మీకే ఇస్తారు. ఇది ఫీజు కాదు, మీ తిండికీ గదికీ. పంపేటప్పుడు మధ్య బ్యాంకులు ఇరవై ముప్పై యూరోలు కోసేస్తే మొత్తం తగ్గి ధ్రువపత్రం ఆగిపోతుంది, కాబట్టి ఓ వంద యూరోలు ఎక్కువే పంపండి. మొదటి నెల డబ్బు వెంటనే చేతికి రాదు. ఊళ్లో నివాసం నమోదు చేసుకుని, బ్యాంకు ఖాతా తెరిచాకే వస్తుంది. గది డిపాజిట్టు ఈ లోపే కట్టాలి. చేతిలో 1,500 యూరోలైనా లేకుండా విమానం ఎక్కకండి.

అందరూ మర్చిపోయే ఖర్చు ఒకటుంది. ఎమ్మెస్ రెండేళ్లు. నివాస అనుమతి పొడిగించేటప్పుడు తర్వాతి కాలానికి కూడా డబ్బు చూపమంటారు. అక్కడి సంపాదనను కొంత లెక్కలోకి తీసుకుంటారు, కానీ సంపాదన లేకపోతే ఇంకో పన్నెండు లక్షలు అప్పటికప్పుడు ఎక్కడ తెస్తారు? అందుకే లోను మంజూరు చేయించుకునేటప్పుడే రెండు విడతలుగా, 20 లక్షలకు అడగండి. రెండో విడత అవసరం లేకపోతే తీసుకోకండి. తీసుకోని డబ్బుకు వడ్డీ లేదు. బ్లాక్డ్ ఖాతా డబ్బు తామే అప్పిచ్చి, వీసా రాగానే వెనక్కి తీసుకునే ఏజెంట్లున్నారు. అలా వెళ్లిన పిల్లలు మొదటి నెలలోనే చేతిలో చిల్లిగవ్వ లేకుండా నిలబడతారు. ఆ ఊబిలో దిగకండి.

లోను వస్తుందా అంటే, మీ ఇంటి మీద వస్తుంది, పొలం మీద రాదు. ప్రభుత్వ రంగ బ్యాంకులు మామూలుగా 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగవు, ఆపైన అడుగుతాయి. అప్పు తీరకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే పాతపట్నం పొలాన్ని చాలా బ్యాంకులు తాకట్టుకు ఒప్పుకోవు. అది ఇంకో రాష్ట్రంలో ఉండటం కూడా అదనపు తలనొప్పే. నిజానికి అదే మంచిది, ఆ ఎకరంన్నర అమ్మగారికి అలాగే ఉండనివ్వండి.

ఇంటికి చేయాల్సిన పనులు రెండు. మొదటిది, పట్టా తాతగారి పేరున ఉండగా బ్యాంకు ముట్టుకోదు. తాసిల్ ఆఫీసులో వారసుల సర్టిఫికెట్ తీసుకుని, దాన్నిబట్టి మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టాలి. వారసులంటే నాన్నగారు, బాబాయిలే కాదు, పెళ్లై వెళ్లిన మేనత్తలు కూడా. వాళ్ల సంతకాలు లేకుండా కాగితం చేయించాలని చూడకండి, బ్యాంకు లాయరు మొదట అడిగేది అదే. ఇల్లు అందరి పేరునా వస్తే అందరూ జామీను సంతకం పెట్టాలి, లేదా వాటాలు పంచుకుని రిజిస్టరు చేసుకోవాలి. ఈ మాట నాన్నగారు ఫోనులో తేల్చకుండా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడటం మేలు. ఎంత అప్పు, ఎన్నేళ్లు, తీరకపోతే ఏమవుతుంది అన్నవి వాళ్లకు ముందే తెలియాలి. రెండోది, ఒడిశా భూరికార్డుల భూలేఖ్ వెబ్‌సైట్‌లో మీ ప్లాటు కిసం (భూమి రకం) ఏమని ఉందో చూడండి. ఘరబారి, అంటే ఇంటి స్థలం అని ఉంటే మంచిదే. ఇల్లు కట్టి నలభై ఏళ్లయినా రికార్డులో సాగు భూమిగానే మిగిలిపోయిన ప్లాట్లు ఉంటాయి. అలా ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద మార్పించుకోవాలి. ఈ రెండింటికీ నెలలు పడతాయి. అందుకే అడ్మిషన్ వచ్చాక చూద్దాం అనుకోవద్దు, ఈ వారమే మొదలుపెట్టండి.

బ్యాంకులో ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఫీజే లేని యూనివర్సిటీకి లోను ఎందుకని మేనేజరు అడగవచ్చు. విదేశీ చదువులో జీవన వ్యయానికి కూడా లోను ఇస్తారు. జర్మన్ కాన్సులేట్ అడిగే 11,904 యూరోల నిబంధన ప్రింటు తీసి చూపించండి. మంజూరు ఉత్తరంలో బ్లాక్డ్ ఖాతాకు జీవన వ్యయం అని రాయించుకోండి. విదేశీ చదువుకు మీ వాటా 15 శాతం దాకా ఉంటుంది. బ్యాంకు లోను డబ్బును చదువుకు పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (విదేశాలకు పంపే డబ్బుపై బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) కోత లేదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే పడుతుంది, దాన్ని రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

నాన్నగారి ముందు పెట్టాల్సిన అంకెలు ఇవి. 15 లక్షలు 10.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు 13,125 రూపాయల వడ్డీ పెరుగుతూ ఉంటుంది. పదేళ్ల వాయిదాలైతే నెలకు దాదాపు 20,200. పూర్తి 20 లక్షలు తీసుకుంటే 27,000. చదువుతున్న రెండేళ్లూ వడ్డీ కడుతూ వస్తే చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి. నాన్నగారి జీతంలోంచి నెలకు కొంతైనా కట్టగలరా అన్నది మీరిద్దరూ కలిసి తేల్చుకోండి. లేకపోతే చదువు అయ్యి, ఉద్యోగం దొరికేసరికి అసలు మీద నాలుగైదు లక్షలు చేరి ఉంటుంది.

పార్ట్‌టైం సంపాదనను ఈ లెక్కలో కలపకండి. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. సెమిస్టరు జరుగుతున్నప్పుడు వారానికి 20 గంటల పద్ధతీ ఉంది. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. అంటే వారానికి 20 గంటలకు నెలకు దాదాపు 1,200. కాగితం మీద బాగుంటుంది. కానీ జర్మన్ రాకపోతే మొదటి ఆరు నెలలు పని దొరకడమే గొప్ప, పరీక్షల నెలల్లో చేయలేరు కూడా. యూనివర్సిటీలోనే ప్రొఫెసరు దగ్గర సహాయకురాలి పని దొరికితే అది ఆ 140 రోజుల లెక్కలోకి రాదు, చదువుకూ పనికొస్తుంది. సొంత వ్యాపారంగా నమోదు చేయించి ఇంటింటికీ డెలివరీ చేయించేవాళ్లుంటారు. విద్యార్థి అనుమతిపై అది మామూలుగా నిషిద్ధం, పట్టుబడితే అనుమతికే ఎసరు.

వీసా దరఖాస్తు ఇప్పుడు కాన్సులర్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో నింపాలి. రుసుము 75 యూరోలు. 2025 జులై నుంచి తిరస్కరణపై పునఃపరిశీలన అడిగే సౌకర్యం తీసేశారు. తిరస్కరిస్తే మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి, లేదా బెర్లిన్ కోర్టుకు వెళ్లాలి. ఈ కోర్సే ఎందుకు, బీటెక్‌తో దీనికి సంబంధమేంటి, తర్వాత ఏం చేస్తారు అన్న ఉత్తరం మీ మాటల్లో మీరే రాయండి. నెట్‌లో దొరికే నమూనా ఉత్తరాన్ని అక్కడివాళ్లు వందసార్లు చదివి ఉంటారు.

అడ్మిషన్ రాగానే ముందు చేయాల్సింది విద్యార్థి హాస్టలు దరఖాస్తు. మ్యూనిక్‌లో 992 యూరోల్లో చాలా భాగం గదికే కరిగిపోతుంది. కెమ్నిట్జ్, మాగ్డెబర్గ్ వంటి తూర్పు ఊళ్లలో అదే డబ్బుతో నెల గడుస్తుంది, ఎలక్ట్రికల్‌కు అక్కడి యూనివర్సిటీలు బాగుంటాయి. చూడని గదికి వాట్సాప్‌లో డిపాజిట్టు పంపకండి. గదిలో దిగిన రెండు వారాల్లో నివాసం నమోదు చేసుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. ఆ పత్రం ఇవ్వనన్న గది ఎంత చవకైనా వద్దు. ముప్పై ఏళ్ల లోపు వాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా నెలకు దాదాపు 140 నుంచి 150 యూరోలు. అది కూడా ఆ 992లోంచే పోతుంది.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు. బ్లూ కార్డుకు, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతికి, 2026లో ఏడాది జీతం 50,700 యూరోలు ఉండాలి. ఇంజినీర్లకు, కొత్తగా డిగ్రీ పూర్తయినవాళ్లకు 45,934 చాలు. ఆ కార్డు మీద బీ1 స్థాయి జర్మన్ ఉంటే (భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1 అని మెట్లుగా పెరుగుతాయి) 21 నెలలకే శాశ్వత నివాసం అడగవచ్చు, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు. మీ రంగంలో ఉద్యోగాలున్నాయి, కానీ సబ్‌స్టేషన్‌లోనో ఫ్యాక్టరీలోనో పనిచేసే ఎలక్ట్రికల్ ఇంజినీరును జర్మన్ రాకుండా తీసుకునే కంపెనీలు తక్కువ. మ్యుటేషన్ నడిచే ఈ నెలలు మీకు ఊరికే పోకూడదు. రోజుకు గంటన్నర కూర్చుంటే బయల్దేరేలోపు ఏ2 అవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు నేర్చుకున్న మీకు నాలుగో భాష ఇంకొకరి కంటే సులువే.

సోమవారం తాసిల్ ఆఫీసుకు నాన్నగారు, ఆధార్ కేంద్రానికి మీరు వెళ్లండి. పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్ తీసుకెళ్లడం మర్చిపోకండి.